తప్పు పట్టండి, చెయ్యి వదలకండి

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొడుతూ రేడియో వింటున్న అక్కచెల్లెళ్లకి, ఉద్దానం తోటల్లో కాస్త నీడపట్టున కూచున్న రైతులకి, భావనపాడు నుంచి బారువ దాకా వలలు బాగుచేసుకుంటున్న అన్నదమ్ములకి, టెక్కలి సెంటర్లో కొట్టు తెరిచి కూచున్న పెద్దలకి అందరికీ నమస్కారం.

ఈ పూట మీతో ఒక సినిమా గురించి మాట్లాడతాను. లోపాలున్న సినిమా. ఒకటీ రెండూ కాదు, చాలానే ఉన్నాయి. అయినా టీవీలో వస్తోందంటే చాలు, చేతిలో పని పక్కన పెట్టి కూచుంటాం. ఆ సినిమా పేరు ఆదిత్య 369.

ఇందులో తప్పులు వెతకడం చాలా సులువు. ఆ తప్పులతోపాటే దాన్ని ఇష్టపడడం ఎలా? ఈ పూట మన ముచ్చట అదే. నా మటుకు నాకు ఒక పద్ధతి ఉంది. ముందే చెప్పేస్తాను. తప్పు పట్టండి, చెయ్యి వదలకండి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందుగా, ఆ సినిమా వచ్చిన రోజులు ఒక్కసారి తలుచుకుందాం. 1991 జూలై 18న విడుదలైంది. అప్పుడు మన ఇళ్లల్లో ఫోను ఎక్కడిది? దూరాన ఉన్న బంధువుతో మాట్లాడాలంటే ఎస్టీడీ బూతు దగ్గర వరస కట్టాలి. మీటరు గిర్రున తిరుగుతుంటే ఒక కన్ను దానిమీదే. చెప్పాల్సింది సగం గొంతులోనే ఉండిపోయేది. సినిమా చూడాలంటే థియేటరుకి పోవాలి. లేదంటే పండక్కి ఊరంతా చందాలేసుకుని, టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి, వీధిలో చాపలు పరిచి, తెల్లారేదాకా చూడాలి. కరెంటు పోతే, వచ్చేదాకా కథలో వాళ్లూ ఆగాల్సిందే, చాపమీద మనమూ ఆగాల్సిందే.

ఇంకో మాట. ఆ సినిమా వచ్చిన 6 రోజులకి, జూలై 24న, ఢిల్లీలో ఒక బడ్జెట్ పెట్టారు. మన తెలుగాయన పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి. మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. దేశం తలుపులు బయటి ప్రపంచానికి బార్లా తెరిచిన బడ్జెట్ అది. తర్వాత మన బతుకులు ఎంత మారాయో మీకు తెలుసు. చిత్రం చూడండి. వచ్చే వారం ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు. తెరమీద మాత్రం 2504వ సంవత్సరం చూపిస్తున్నారు!

కథ గుర్తుందా? కుర్రకారు విని ఉండకపోతే వాళ్లకోసం రెండు ముక్కల్లో చెప్తాను. ప్రొఫెసర్ రాందాసు అనే శాస్త్రవేత్త ఒక కాలయంత్రం తయారు చేస్తాడు. ఆయన కూతురు హేమ. ఆమెకి తోడుగా కృష్ణకుమార్, అంటే మన బాలకృష్ణ. వాళ్లు ఆ యంత్రం ఎక్కి వెనక్కి వెళ్లిపోతారు. ఎక్కడికి? 1526కి. శ్రీకృష్ణదేవరాయల కాలానికి. అక్కడ రాయలుగా కూడా బాలకృష్ణే. తర్వాత యంత్రం దారి తప్పి ముందుకి దూకుతుంది. ఈసారి 2504. ఈ మధ్యలో ఒక వజ్రం దొంగతనం. ఆ దొంగతనం చూసిన ఒక పిల్లాడు. ఆ పిల్లాడే తర్వాత నువ్వే కావాలిలో హీరో అయిన తరుణ్. దొంగల పెద్దగా అమ్రీష్ పురి.

తీసినాయన సింగీతం శ్రీనివాసరావు. పుష్పక విమానం తీసిన సింగీతం. సంగీతం ఇళయరాజా. మాటలు జంధ్యాల. సినిమాని సమర్పించినాయన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఛాయాగ్రాహకులు ఒకరు కాదు, ముగ్గురు. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్. పేర్లు వింటుంటేనే తెలుస్తోంది కదా, దీన్ని ఏదో ఆషామాషీగా తీయలేదని.

మరి లోపాలేమిటి? రండి, తప్పులు పడదాం.

మొదటిది. ఒక టికెట్టుకి మూడు సినిమాలు చూపిస్తారు. దొంగల కథ ఒకటి. రాజుల కథ ఒకటి. రాబోయే కాలం కథ ఒకటి. ఈ మూడూ ఒక్కోసారి చక్కగా కలుస్తాయి. ఒక్కోసారి అతుకు కనిపిస్తుంది. వజ్రం సంగతి తేలుతుందనుకునే సరికి పాట వస్తుంది. యంత్రం సంగతి తేలుతుందనుకునే సరికి ఫైటు వస్తుంది. మధ్యలో హాస్యం. కచ్చితంగా చూసేవాళ్లకి ఇది లోపమే. నేను కాదనను.

రెండోది. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరూ సరిగా చెప్పరు. మన అవ్వ పక్కన కూచుని చూస్తోందనుకోండి, ఠక్కున అడిగేస్తుంది. "ఏటి బావూ, ఈ బండి యెనక్కి ఎలాగెల్తాది?" అని. మన దగ్గర జవాబుండదు. సినిమా దగ్గరా ఉండదు. మీటలు నొక్కుతారు, దీపాలు వెలుగుతాయి, వెళ్లిపోతుంది. అంతే.

మూడోది. భాష. 1526లో వాళ్లకి మన మాట ఇట్టే అర్థమైపోతుంది. 2504లో కూడా ఇబ్బంది లేదు. ఇప్పుడు విశాఖపట్నం దాటి రెండు జిల్లాలు పోతేనే మన శ్రీకాకుళం యాస విని నవ్వేవాళ్లున్నారు. అలాంటిది 500 ఏళ్లు అటూ ఇటూ తిరిగినా మాటకి అడ్డం లేదట! కానీ ఈ తప్పు నాకు ముద్దొస్తుంది. రాబోయే కాలంలోనూ తెలుగు మాట్లాడుకుంటారని ఒక తెలుగు సినిమా అనుకుంటే, ఆ తప్పు ఉండనీండి. దాన్ని మాత్రం దిద్దొద్దు.

నాలుగోది, అసలైనది. ఆ రాబోయే కాలం ఇవాళ చూస్తే పాతగా ఉంటుంది. ఆ మెరుపు దుస్తులు, ఆ వెలిగి ఆరే దీపాలు చూస్తే 1991 తెలిసిపోతుంది. అదే జూలైలో అమెరికాలో టెర్మినేటర్ రెండో భాగం విడుదలైంది. అందులో కరిగిపోయే లోహపు మనిషిని కంప్యూటరుతో సృష్టించారు. మనవాళ్ల చేతిలో ఆ వసతి లేదు. చెక్క, రేకు, రంగు, దీపాలు, కెమెరా కనికట్టు, వీటితోనే పని జరగాలి.

ఇన్ని తప్పులు పట్టాం. మరి చెయ్యి ఎందుకు వదలకూడదు?

ఎందుకంటే తప్పుల్లో రెండు రకాలున్నాయి. పెద్ద పని తలపెట్టి, చెయ్యి చాలక చేసిన తప్పు ఒకటి. చూసేవాళ్లకి ఏం తెలుస్తుందిలే అని చేసిన తప్పు ఇంకొకటి. మొదటిదాన్ని చూసి నవ్వుతాం. రెండోదాన్ని చూసి లేచిపోతాం. ఆదిత్య 369లో నాకు కనిపించేవి మొదటి రకం తప్పులే. చెయ్యి చాలని చోట కూడా ఆశ కనిపిస్తుంది.

ఇలాంటి తప్పుకి సినిమా అంత వయసుంది. 1902లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ అనే ఆయన చంద్రుడి మీదికి మనుషుల్ని పంపుతూ చిన్న సినిమా తీశాడు. పెద్ద ఫిరంగిలో ఒక గుండు పెట్టి, అందులో మనుషుల్ని కూచోబెట్టి పేలుస్తారు. అది వెళ్లి చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది! దిగిన పెద్దమనుషులు కోట్లేసుకుని, చేత గొడుగుతో చంద్రుడి మీద తిరుగుతారు. అన్నీ తప్పులే. 1969లో నిజంగా మనిషి చంద్రుడి మీద దిగాడు. అప్పుడు మెలియెస్ చెప్పినవన్నీ తప్పని తేలిపోయింది. అయినా ఆ సినిమాని ఎవరూ పారేయలేదు. కంట్లో గుండు గుచ్చుకున్న ఆ చంద్రుణ్ణి లోకమంతా ఇవాళ్టికీ చూస్తోంది, నవ్వుతోంది.

మన దగ్గరికి వద్దాం. 1957 నాటి మాయాబజార్ గుర్తుందిగా? అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె. తెరిస్తే, ఎవరికి ఇష్టమైనది వాళ్లకి కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. మాట్లాడతాడు, పాడతాడు. ఇవాళ గల్ఫులో ఉన్న కొడుకుని ఫోనులో చూస్తూ మాట్లాడే తల్లికి ఆ పెట్టె సంగతి వేరే చెప్పక్కర్లేదు. మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి దగ్గర, ఆ సినిమాకి సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు ఎవరనుకున్నారు? సింగీతం శ్రీనివాసరావే. అక్కడ మాయతో చేసిన పనిని ఇక్కడ యంత్రంతో చేయించాడు గురువుకి తగ్గ శిష్యుడు.

ఇప్పుడు ఇంకో సంగతి. కాలయంత్రం అనే ఆలోచనని ప్రపంచమంతా తెలిసేలా చేసిన పుస్తకం ఇంగ్లండులో వచ్చింది. 1895లో హెచ్.జి. వెల్స్ రాశాడు. అందులో ఆ మనిషి ముందుకే వెళ్తాడు. ఏకంగా 8,02,701వ సంవత్సరానికి! అక్కడ సుకుమారులైన మనుషులు నేలమీద ఆడుకుంటూ ఉంటారు. పనిచేసేవాళ్లు నేలకింద చీకట్లో ఉంటారు. వెల్స్ తన కాలంలో చూసిన డబ్బున్నవాళ్లనీ, కూలివాళ్లనీ లక్షల ఏళ్ల అవతల నిలబెట్టాడన్నమాట.

మన తెలుగు యంత్రం అలా చేయలేదు. ముందుకి పోయే ముందు వెనక్కి వెళ్లింది. నేరుగా రాయలవారి కొలువుకి. ఎంత మన బుద్ధి చూడండి! మనకి ఎక్కడికైనా వెళ్లే వీలు చిక్కితే ముందు పెద్దల్ని చూసి రావాలి. అక్కడ తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్. రాజనర్తకిగా సిల్క్ స్మిత. పాట, పద్యం, నాట్యం. ఎన్నిసార్లు చూసినా ఆ కొలువు దగ్గర కాసేపు ఎక్కువ కూచోవాలనిపిస్తుంది.

ఇక్కడే మనం, అంటే పలాస, టెక్కలి, ఉద్దానం వాళ్లం, ఒక ఆట ఆడొచ్చు. చాలా సరదా ఆట. ఆ యంత్రం 1526లో విజయనగరంలో దిగకుండా మన టెక్కలిలో దిగి ఉంటే?

ఆలోచించండి. అప్పటికి మన ఊళ్లు రాయలవారివి కావు. కటకం గజపతులవి. రాయలు గజపతుల మీదికి దండెత్తాడు. ఉదయగిరి, కొండవీడు గెలిచాడు. 1516లో సింహాచలం వచ్చాడు. ఆ రాక గురించి అక్కడ శాసనాలున్నాయి. పొట్నూరులో విజయస్తంభం వేశాడు. చివరికి సంధి కుదిరింది. కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేలని గజపతికే తిరిగి ఇచ్చేశాడు. అంటే 1526లో మన తాతముత్తాతలు ఉన్నది అవతలి పక్షంలో! కృష్ణకుమార్ ఇక్కడ దిగి, "నేను రాయలవారి మనిషిని" అన్నాడనుకోండి. మనవాళ్లు చెట్టుకి కట్టేసి, "ఎవలు బావూ నువ్వు, నిజం సెప్పు" అనుండేవాళ్లు.

ఇంకా ఉంది. బాబ్బాబు, ఆకలేస్తోంది, నాలుగు జీడిపప్పులు పెట్టండి అని అడిగితే? మనం ఏం పెట్టగలం? ఏమీ పెట్టలేం! అప్పటికి ఉద్దానంలో జీడిచెట్టు లేదు. అది బ్రెజిల్ చెట్టు. పోర్చుగీసువాళ్లు ఆ శతాబ్దంలోనే పడమటి తీరానికి తెచ్చారు. అక్కణ్ణుంచి మన తీరానికి రావడానికి ఇంకా కాలం పట్టింది. ఇవాళ పలాస పేరు చెబితే దేశమంతా జీడిపప్పు అంటుంది. 1526లో జీడిపప్పు అంటే పలాసలో ఎవరికీ తెలీదు. సరే, పప్పు లేకపోతే పచ్చడన్నం పెట్టండి అంటే, అందులో టమాటా ఉండదు. అదీ సముద్రం దాటి వచ్చిందే.

చూశారా, సినిమా వదిలేసిన ఖాళీలో మనం ఎంత దూరం వచ్చేశామో! లోపమున్న సినిమాలో ఉండే సుఖం ఇదే. అది మనకి జాగా ఇస్తుంది. అన్నీ తానే చెప్పేసిన సినిమాకి చప్పట్లు కొట్టి ఇంటికొస్తాం. ఖాళీలు వదిలిన సినిమాతో దారి పొడుగునా వాదించుకుంటూ వస్తాం. అది అలా ఎందుకు చేశాడు, నేనైతే ఇలా చేసేవాణ్ణి అంటూ. అలా వాదించుకున్నంతసేపూ మనం సినిమా చెయ్యి పట్టుకునే ఉన్నాం. అందుకే మళ్లీ చెప్తున్నాను. తప్పు పట్టండి, చెయ్యి వదలకండి.

ఇప్పుడు 2504కి వెళ్దాం. కాస్త నిదానంగా చూడాల్సిన చోటు ఇది.

సినిమాలో ఆ కాలానికి మూడో ప్రపంచ యుద్ధం జరిగిపోయి ఉంటుంది. భూమ్మీద అణుధార్మికత నిండిపోతుంది. మనుషులు నేలకింద బతుకుతుంటారు. 1991లో ఇలా ఎందుకు అనుకున్నారు? అది ఆనాటి భయం. అంతకి 5 ఏళ్ల ముందు, 1986లో, చెర్నోబిల్ అణు కేంద్రం పేలింది. అమెరికా, రష్యా పోటీపడి బాంబులు పోగేసుకున్న రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. పేపరు చదివే ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఉండేది. ఆ భయాన్నే 500 ఏళ్ల అవతలికి పంపారు.

మరి వాళ్లు చూడలేనిది? ప్రతి జేబులో ఒక ఫోను వస్తుందని ఆ సినిమా అనుకోలేదు. 2504 దాకా పోయినవాళ్లకి పక్కనే ఉన్న 2010 అందలేదు! తప్పు పట్టాలంటే పట్టండి. కానీ మనమూ అంతే కదా. దూరానిది ఊహించినంత తేలిగ్గా దగ్గరిది ఊహించలేం.

ఉద్దానం సంగతే చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరం దాటింది. ముందురోజు సాయంత్రం నిలబడి ఉన్న కొబ్బరి, జీడి, పనస తెల్లారేసరికి నేలమీద ఉన్నాయి. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుందని మీకు నేను చెప్పాలా? అయినా మళ్లీ మొక్కలు వేశారు. మన ఊళ్లల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లని తాకిందో మీకు తెలుసు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా గట్టిగా తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు తెచ్చే పథకం వచ్చింది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇవాళ మన ఉద్దానం కుర్రాడో, కుర్రదో కాలయంత్రం సినిమా తీస్తే, రాబోయే కాలంలో ముందు ఏం చూపిస్తారు? బాంబులు చూపించరు. బావిలో నీళ్లు చూపిస్తారు. తుపానుకి విరగని తోట చూపిస్తారు.

అదీ సంగతి. రాబోయే కాలం గురించి తీసిన ప్రతి సినిమా తీసిన రోజుల గురించే ఎక్కువ చెబుతుంది. అందుకే అది పాతబడినకొద్దీ మనకి దగ్గరవుతుంది. ఆ వెలిగి ఆరే దీపాలు చూసి నవ్వొస్తే నవ్వండి. ఆ నవ్వు వెనకే, అప్పుడు మనం ఏది చూసి భయపడ్డాం, దేనికి ఆశపడ్డాం అన్నది కూడా గుర్తొస్తుంది.

ఆ సినిమాని 2025 ఏప్రిల్లో కొత్త హంగులతో శుభ్రం చేసి మళ్లీ థియేటర్లలో వేశారు. దానికి ఒక ఏడాది ముందే, 2024లో, కల్కి 2898 ఏడీ వచ్చింది. ఎంత డబ్బు, ఎంత సాంకేతికత! అందులో లేని కంప్యూటర్ కనికట్టు లేదు. ఆ సినిమాకి పెద్దదిక్కుగా, సలహాదారుగా ఎవర్ని పిలిచారో తెలుసా? 1931లో పుట్టిన సింగీతం శ్రీనివాసరావునే. కొత్త కుర్రాళ్లు ఆ పాత సినిమా లోపాలు చూడలేదనుకోవద్దు. మనకంటే బాగా చూసి ఉంటారు. చూసి కూడా పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. ఇంకో 30 ఏళ్లకి కల్కి కూడా పాతబడుతుంది. అందులో బళ్లు, దుస్తులు చూసి మన మనవలు పకపకా నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ల వంతు అది.

సమయం దగ్గరపడుతోంది. చెప్పిందే ఇంకోసారి చెప్పి ముగిస్తాను. ఒకటి, పెద్ద ఆశతో చేసిన తప్పుకీ, నిర్లక్ష్యంతో చేసిన తప్పుకీ తేడా చూడండి. రెండు, సినిమాలో ఖాళీ కనిపిస్తే అందులోకి మీ ఊరిని తీసుకెళ్లండి. మూడు, పాత సినిమా చూపించే రాబోయే కాలంలో ఆనాటి మనుషుల్ని వెతకండి.

ఈ ఆదివారం వీలైతే పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని ఆదిత్య 369 పెట్టండి. మధ్యలో వాళ్లు "ఇదేటి తాతా, ఈ యంత్రం రేకుడబ్బాలాగుంది" అంటే కసురుకోవద్దు. అవునమ్మా అనండి. రేకుడబ్బాలో ఆ మనుషులు ఎంత దూరం వెళ్లారో చూడు అనండి. సినిమా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి. "నీకు ఆ బండి దొరికితే, మన ఊళ్లోనే, ఏ సంవత్సరంలో దిగుతావు?"

వాళ్లు చెప్పే కథలో బోలెడు తప్పులుంటాయి. పట్టండి, నవ్వండి. తర్వాత ఏమైందో మాత్రం అడగడం మానొద్దు.